ఎర్రనీళ్ళు, చీటీలు, పదో తరగతి సైన్సు

పోయిన నెల మంచిర్యాల మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే వెనక నుంచి "మేడం, నమస్తే" అని వినిపించింది. తిరిగి చూస్తే హరిత. బీఎడ్ చదివే రోజుల్లో మా స్కూలుకు టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన అమ్మాయి. ఇప్పుడు ఉద్యోగం వచ్చిందట, సైన్స్ టీచరుగా.

"మేడం, పదో తరగతి రివిజన్ మెటీరియల్ మీ దగ్గర మస్తు ఉంటది గద. పీడీఎఫ్ ఉంటే జర వాట్సాప్ చెయ్యుండ్రి" అంది.

"పీడీఎఫ్ లేదు బిడ్డా. సున్నం, చింతపండు, కొన్ని చీటీలు ఉన్నయి" అన్నాను.

నేను ఎగతాళి చేస్తున్నాననుకుని నవ్వి వెళ్ళిపోయింది. ఎగతాళి కాదు. అది ఆమెకు వంకాయల బండి దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. హరితకే కాదు, ఈ ఏడు కొత్తగా సుద్దముక్క పట్టుకున్న వాళ్ళందరికీ.

నా పేరు విమల. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పాను. నాకు ఏ స్కేలు ఎప్పుడొచ్చింది, ఏ బదిలీ కాగితం ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు ఆగింది అన్నవి రాయను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకటే. నన్ను టీచరును చేసిన రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను. వాటిలో ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే.

ముప్పై ప్రశ్నల మేడం

మొదటి పోస్టింగ్ బోథ్ మండలంలో ఒక ఊరి హైస్కూలు. నేను పుట్టింది పెద్దపల్లి పక్కన వరి పొలాల ఊళ్ళో. బోథ్ వైపు అంతా పత్తి చేలు, మాటలో మరాఠీ. మొదటి వారం పిల్లలు చెప్పేది నాకు సగమే అర్థమయ్యేది. నేను చెప్పేది వాళ్ళకు అంతకన్నా తక్కువే అర్థమై ఉంటుంది.

ఆ స్కూల్లో లాబ్ అంటే ఒక ఇనుప బీరువా. దాని తాళంచెవి హెడ్మాస్టరు గోపాల్ సార్ జేబులో ఉండేది. గాజు సామాను పగిలితే జవాబు చెప్పాల్సింది తనే గనుక, పగలకుండా ఉండటానికి ఆయనకు తోచిన మార్గం ఒక్కటే, బీరువా తెరవకపోవడం. బయాలజీ పోస్టు కూడా ఖాళీ. కాబట్టి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం అన్నీ నేనే, ఒక్క సుద్దముక్కతో.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనే అనుకున్నాను. పాత ప్రశ్నపత్రాలన్నీ ముందేసుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చే ముప్పై ప్రశ్నలు ఏరాను. ఒక్కోదానికి జవాబు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, జిరాక్సు తీయించి పంచాను; పిల్లలు దాన్ని గైడు అనేవారు. జనవరి నుంచి మార్చి దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తరగతంతా కలిసి చదవడమే. బడి పక్క రోడ్డున పోయే ఎడ్లబండి వాళ్ళకు కూడా ఓం నియమం కంఠతా వచ్చి ఉంటుంది.

రెండేళ్ళు ఫలితాలు బాగా వచ్చాయి. ఊళ్ళో నా పేరు 'ముప్పై ప్రశ్నల మేడం' అయింది. గోపాల్ సార్ తెలుగు పండితుడిగా ఉండి హెడ్మాస్టరైన మనిషి. మాట పొదుపు. అలాంటి ఆయన ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ, "విమలమ్మా, నీ ముప్పై ప్రశ్నలు చేతుల ఉంటే ఇంక సైన్స్ టీచరు గూడ అవసరం లేదు" అన్నారు.

ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేనూ మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

"గది గైడ్ల లేదు సార్"

మూడో ఏడు చలికాలంలో స్కూలుకు తనిఖీ వచ్చింది. ఆ రోజు బీరువా తెరిచారు. వచ్చిన అధికారి సైన్స్ చదివినాయన. నేరుగా పదో తరగతికి వచ్చి, "మీలో బాగా చదివేది ఎవరు?" అన్నారు.

నేను సునందను లేపాను. పత్తి రైతు కూతురు. ముప్పై ప్రశ్నలు ఏ వరుసలో అడిగినా తడుముకోకుండా చెప్పే పిల్ల.

"నీలి లిట్మస్ కాగితాన్ని నిమ్మరసంలో ముంచితే ఏమవుతుంది?" అని అడిగారాయన.

"నీలి లిట్మస్ కాగితము ఎర్రగా మారును. కావున నిమ్మరసము ఆమ్లము అని తెలియుచున్నది" అంది సునంద ఒక్క ఊపిరిలో.

నా ఛాతీ ఉప్పొంగింది. ఆయన "శభాష్" అని, బీరువాలోంచి చిన్న నీలి కాగితాల పుస్తకం తీసి ఆమె ముందు పట్టుకున్నారు. "ఇదేంటమ్మా?"

సునంద దాన్ని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. "తెల్వది సార్."

"ఇప్పుడే కదా దీని గురించి చెప్పావు."

"నేను చెప్పింది వేరే సార్. గది గైడ్ల లేదు."

తరగతి గొల్లుమంది. అధికారి నవ్వారు. గోపాల్ సార్ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు అది చాలా చిన్న విషయంలాగే అనిపించింది. ఆ అధికారి కూడా రిజిస్టరులో 'పిల్లలు చురుకుగా ఉన్నారు' అని రాసి వెళ్ళిపోయారు.

మర్నాడు సునంద బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. పబ్లిక్ పరీక్షలకు రెండున్నర నెలలే ఉన్నాయి. "పత్తి ఏరుడుకు పోతుంది మేడం. ఇంక బడికి రాదట" అన్నారు పక్క బెంచీ పిల్లలు.

ఆ ప్రాంతంలో పత్తి ఏరడానికి ఆగిన ఆడపిల్ల మళ్ళీ బడికి రావడం అరుదు. శనివారం మధ్యాహ్నం బడి విడిచాక వాళ్ళింటికి నడిచాను.

లసుంబాయి ఇంట్లో

సునంద వాళ్ళవ్వ, అంటే తల్లి, లసుంబాయి వాకిట్లో పత్తి కుప్ప ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి గోనెపట్టా పరిచింది. ఆ ఊళ్ళో ఆడ టీచర్లను బాయి అని పిలుస్తారు.

"రా బాయీ, కూసో. నువ్వు వస్తవని తెల్వదు, లేకుంటే చాయ్‌కి పాలు ఆపుదును."

"చాయ్ వద్దు లసుంబాయీ. సునంద ఏది?"

"లోపల ఉన్నది. బడికి పోనంటే పోనన్నది. ఏమైందే అంటే చెప్పది. గిప్పుడు చేన్ల పని గూడ ఉన్నది గదా, సరే తియ్ అని నేను ఊకున్న."

చాలాసేపు పిలిచాక సునంద గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నేను రకరకాలుగా నచ్చజెప్పాను. పరీక్షలన్నాను, భవిష్యత్తన్నాను. ఆ పిల్ల అన్నీ విని ఒకటే అడిగింది.

"మీరు ఎట్ల చెప్పిండ్రో నేను అట్లనే చెప్పిన మేడం. ఒక్క అచ్చరం తప్పు పోలే. మరి ఎందుకు నవ్విండ్రు? మీరు గూడ నవ్విండ్రు."

"తప్పు నాదే బిడ్డా. నీకు కాగితం చూపియ్యకుండ కాగితం గురించి చెప్పిన" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మడానికి కారణమూ లేదు.

అంతలో లోపల పసిపిల్ల ఏడుపు. సునంద అక్క కాన్పుకు వచ్చి ఉంది. పొద్దున్నుంచి బిడ్డ ఒకటే ఏడుపట. లసుంబాయి లేచి గిన్నెలో నీళ్ళు పోసి పసుపు కలిపింది. తమలపాకుల డబ్బాలోంచి గోటితో కాస్త సున్నం తీసి అందులో వేసి వేలితో తిప్పింది.

పసుపు నీళ్ళు ఒక్కసారిగా నెత్తురులా ఎర్రబడ్డాయి.

నేను లేచి నిలబడ్డాను. "ఏం కలిపినవ్ లసుంబాయీ?"

"ఎర్రనీళ్ళు బాయీ. పోరికి దిష్టి తియ్యద్దా?"

"గవి ఎర్రగెట్లయినయి?"

తల్లీ కూతుళ్ళిద్దరూ నన్ను వింతగా చూశారు. మాది మెథడిస్టు కుటుంబం. మా బాపు చర్చిలో పెద్ద. మా ఇంట్లో పిల్ల ఏడిస్తే ప్రార్థన చేసేవారు గానీ దిష్టి తీసేవారు కాదు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

"అవ్వా, మేడంకు ఎర్రనీళ్ళు తెల్వదట!" అని సునంద పకపకా నవ్వింది. వారం తర్వాత ఆ పిల్ల ముఖంలో నవ్వు. ఈసారి నవ్వే వంతు ఆమెది, తెల్ల ముఖం వేసే వంతు నాది. నాకది న్యాయంగానే అనిపించింది.

దిష్టి తీయడం అయ్యాక ఇంకో గిన్నెలో అవే నీళ్ళు కలపమన్నాను. "నిమ్మకాయ ఉన్నదా?"

ఉంది. సగం కోసి సునంద చేతికిచ్చాను. "పిండు. ఏమైతదో చూద్దం."

"ఏమైతది మేడం?"

"నువ్వే చూడు."

పిండింది. ఎరుపు విరిగిపోయి నీళ్ళు మళ్ళీ పసుపురంగుకు తిరిగాయి. సునంద కేక పెట్టింది. "అవ్వా, సూడే! ఎర్రనీళ్ళు ఉత్త పసుపు నీళ్ళయినయి!"

లసుంబాయి పరిగెత్తుకొచ్చి గిన్నెలోకి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, మరి పోరి దిష్టి పోయినట్టా, పోనట్టా?"

ఆ దిష్టికీ ఈ గిన్నెకూ సంబంధం లేదని ఆమెకు నచ్చజెప్పేలోపు సునంద మళ్ళీ సున్నం వేసింది. ఎరుపు. మళ్ళీ నిమ్మరసం. పసుపు. డబ్బాలో సున్నం అయిపోయి తల్లి తిట్టేదాకా ఆపలేదు.

అప్పుడు చెప్పాను. "పసుపు సున్నాన్ని పట్టిస్తది. నిమ్మకాయ వేస్తే మళ్ళ మామూలైతది. నీలి లిట్మస్ నిమ్మకాయను పట్టిస్తది. రెండిటి పని అదే, ఎవరు ఎవరో పట్టిచ్చుడు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "గింతేనా మేడం?" అంది.

"గింతే బిడ్డా."

"గింతదానికి అంత పెద్ద జవాబు రాయిపిచ్చిండ్రా?"

సోమవారం పొద్దున బెల్లుకు ముందే సునంద బడి గేటు దగ్గర ఉంది. చేతిలో పొట్లం, అందులో సున్నం.

హెడ్మాస్టరు తీసిన చీటీ

ఆ సోమవారం మా తరగతి గదిలో పన్నెండు గిన్నెల ఎర్రనీళ్ళు తయారయ్యాయి. సబ్బు, బూడిద, పెరుగు, చింతపండు పులుసు, మజ్జిగ, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి కలిపారు. ఏది ఎరుపు ఉంచింది, ఏది విరిచింది అని పట్టిక రాశారు. బల్లల మీద పసుపు మరకలు నేను బదిలీ అయ్యేదాకా పోలేదు.

తర్వాత చీటీల పద్ధతి పెట్టాను. రివిజన్ మొదలైనప్పుడు ప్రతి పిల్లా పాఠం నుంచి ఒక ప్రశ్న చీటీ మీద రాయాలి. షరతు ఒక్కటే: ప్రశ్న ఇంట్లోనో చేన్లోనో చూసిన వస్తువు గురించి ఉండాలి, జవాబు పాఠంలోంచి రావాలి. చీటీలన్నీ డబ్బాలో వేసి, ఎవరికి వచ్చింది వాళ్ళు చెప్పాలి. ఎవరికీ తెలియని చీటీని గోడకు అంటించి, తెలిసినరోజు తీసేసేవాళ్ళం.

మొదట్లో పిల్లలకు ప్రశ్న రాయడం చేతకాలేదు. జవాబులు కంఠతా పట్టిన పిల్లలకు ప్రశ్న అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు వారాలయ్యాక మాత్రం ఆపలేకపోయాను. 'కుండలో నీళ్ళు చల్లగుంటయి, ఇనుప బిందెలో ఎందుకు ఉండయి?' 'ట్రాక్టరు పక్క అద్దంల వెనక బండి దూరం ఉన్నట్టు ఎందుకు కనబడుతది?' ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి వాళ్ళే పాఠం తిరగేసేవారు. రివిజన్ అంటే అదే కదా.

ఇంతలో ఊళ్ళో వేరే మాట పాకింది. కిరస్తానం టీచరమ్మ బడిలో పిల్లలకు దిష్టి తీస్తోందట! గోపాల్ సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"ఏందమ్మా ఇది? పరీక్షలు నెత్తి మీద ఉన్నయి. రోజూ బడిల ఎర్రనీళ్ళేంది, చింతపండేంది? తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నరు."

"సార్, పిల్లలు ఇప్పుడు అర్థం చేసుకుంటున్నరు."

"అర్థం చేసుకుంటే మార్కులు పడతయా? ముప్పై ప్రశ్నలు ఏమైనయి?"

"ఆ ముప్పై చెప్పిన పిల్లే లిట్మస్ ఏదో చెప్పలేకపోయింది సార్. మనమంతా నవ్వినం. ఆ పిల్ల బడి మానేసింది."

ఆయన చెడ్డ మనిషి కాదని ఇక్కడ రాసి తీరాలి. ఫలితాలు పడిపోతే అడిగేది ఆయన్నే. ఆ భయం నాకు లేదు, ఆయనకు ఉంది. చివరికి ఒప్పందానికి వచ్చాం. పొద్దున స్టడీ అవర్లో ముప్పై ప్రశ్నలు, సాయంత్రం చివరి పీరియడ్లో నా చీటీలు.

నాలుగు రోజుల తర్వాత ఆ చివరి పీరియడ్లో ఆయన గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలు లేచారు. సునంద ఏమాత్రం జంకకుండా డబ్బా తీసుకెళ్ళి ఆయన ముందు పట్టుకుంది.

"సార్, మీరు గూడ తియ్యిండ్రి."

ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆయన ఒక చీటీ తీసి విప్పి పైకి చదివారు. "ఇత్తడి చెంబు చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తది?"

యాభై మంది పిల్లలు హెడ్మాస్టరు జవాబు కోసం చూస్తున్నారు. ఆయన చీటీని మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత అన్న మాట ఆ బడిలో అంతకు ముందు ఎవరూ విని ఉండరు.

"నాకు తెల్వదు. యాభై ఏండ్లు వస్తున్నయి, మా ఇంట్ల రోజూ చూస్తున్న. ఎన్నడు అడగలే."

"నేను చెప్త సార్!" అని వెనక బెంచీ నుంచి ఒకరు, "నేను సార్!" అని ఇంకొకరు. ఇత్తడి మీద గాలి వల్ల పట్టిన మసక పొర చింతపండులోని ఆమ్లంలో కరిగిపోతుందని ముగ్గురు కలిసి, ఒకరి మాట ఒకరు తోసుకుంటూ, ఆయనకు చెప్పారు. ఆయన నిలబడే విన్నారు. మరునాడు బీరువా తాళంచెవి నా బల్ల మీద ఉంది. కింద చిన్న కాగితం: 'పగిలితే నేను చూసుకుంటాను.'

ఇక ఫలితాలు. ఇలాంటి కథల్లో చివరికి తరగతంతా ఫస్టుక్లాసులో పాసవుతుంది. మా తరగతి అవలేదు. అంతకు ముందు ఏడు ఎంతమంది గట్టెక్కారో ఇంచుమించు అంతమందే గట్టెక్కారు. ఇద్దరు సైన్సులోనే తప్పారు. సునందకు సైన్సులో మంచి మార్కులే వచ్చాయి గానీ ఇంగ్లీషు పోయింది. సప్లిమెంటరీ రాసి పాసయింది. తర్వాత నర్సింగులో చేరిందని ఎవరో చెప్పారు, నిజమో కాదో తెలియదు. ఒకటి మాత్రం నా కళ్ళతో చూశాను. ఆ ఏడు ఒక ప్రశ్న ముప్పైలో లేనిది వచ్చింది. పరీక్ష అయ్యాక పిల్లలు ఏడుస్తూ రాలేదు, వాదించుకుంటూ వచ్చారు. ఎవరి జవాబు సరైందో తేల్చమని నా చుట్టూ మూగారు.

గుండె ఆట

ఇది చదివి 'ఆటలు ఆడిస్తే చాలు, సైన్స్ వచ్చేస్తుంది' అనుకోకండి. నేను అలాగే అనుకుని, పెద్దపల్లికి బదిలీ అయ్యాక అక్కడ బోర్లాపడ్డాను.

అప్పటికి నాకు కాస్త పేరొచ్చింది. యాక్టివిటీ మేడం అనేవారు. ఆ పేరు నిలబెట్టుకోవాలని రోజుకో ఆట కట్టేదాన్ని. రక్తప్రసరణ పాఠానికి స్కూలు ఆవరణలో సున్నంతో పెద్ద గుండె బొమ్మ గీశాను. నాలుగు గదులు, ఊపిరితిత్తులు, ఒళ్ళు. పిల్లలే రక్తం. నీలం చీటీ పట్టుకుని కుడి కర్ణికలోకి దిగాలి, కుడి జఠరికలోకి దూకాలి, ఊపిరితిత్తులకు పోయి ఎర్ర చీటీ తీసుకుని ఎడమ వైపు రావాలి. రెండు జట్లు. తప్పు లేకుండా తిరిగొస్తే రెండు పాయింట్లు.

అబ్బ, ఎంత గోల! "మేడం, లక్ష్మి ఎడమ కర్ణికల నిలబడ్డది, కదుల్తలేదు!" "మేడం, వాళ్ళు ఉల్టా ఉరుకుతున్నరు!" పక్క తరగతుల కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. నా జీవితంలో అంత గొప్ప క్లాసు చెప్పలేదనుకున్నాను.

మరునాడు అడిగాను. "రక్తం ఊపిరితిత్తులకు ఎందుకు పోతది?"

గెలిచిన జట్టు నాయకురాలు చెయ్యెత్తింది. "అక్కడ ఎర్ర చీటీ ఇస్తరు మేడం!"

"ఆ ఎర్ర చీటీ అంటే ఏంది?"

"రెండు పాయింట్లు."

ఆ రోజు మధ్యాహ్నం షాహీన్ అనే అమ్మాయి స్టాఫ్ రూము దగ్గరికి వచ్చింది. వాళ్ళ అబ్బాకు గాజుల దుకాణం. తరగతిలో గొంతు వినిపించని పిల్ల. తలుపు దగ్గరే నిలబడి, "మేడం, ఒక మాట చెప్తే కోపం రాదు గద?" అంది.

"చెప్పు షాహీన్."

"ఆట బాగున్నది. కని నాకు గంత గొడవల ఆలోచన రాదు మేడం. నేను జవాబు సోచాయించేలోపల ఎవరో ఒకరు అరుస్తరు. నాలాంటోళ్ళు మస్తు మంది ఉన్నరు. జర సేపు చుప్‌చాప్ కూసొని రాసుకోనియ్యిండ్రి. గా తర్వాత ఎంతసేపైన ఆడుదం."

కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఒక్క క్షణం వచ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజమని అర్థమైంది. నా ఆటల్లో రోజూ ఆడేది పదిమందే. మిగతావాళ్ళు అరుపుల్లో అరుపు కలిపేవారంతే.

ఆనాటి నుంచి పద్ధతి మార్చాను. రివిజన్ రోజు ముందు పుస్తకాలు మూసేయాలి. పది నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. ఆ పాఠంలో గుర్తున్నదంతా ఒక తెల్లకాగితం మీద రాయాలి, బొమ్మలతో సహా. తర్వాత పుస్తకం తెరిచి, మరచిపోయినవి ఎర్ర పెన్నుతో నింపాలి. ఆ ఎర్ర సిరా ఉన్న చోటే మళ్ళీ చదవాలి, మిగతాది చదవక్కర్లేదు. ఆ తర్వాతే ఆట, ఆట అయ్యాక 'ఇందులో ఎర్ర చీటీ అంటే ఏమిటి' లాంటి ప్రశ్న ఒకటి తప్పనిసరి. మొదటిసారి షాహీన్ కాగితం చూసి ఆశ్చర్యపోయాను. గుండె బొమ్మ పొందిగ్గా గీసి, పక్కన 'ఎర్ర చీటీ అనగా ఆక్సిజన్' అని రాసి, దాని కింద గీత కొట్టి ఉంది.

కొత్తవాళ్ళకు నేను ఖచ్చితంగా చెప్పగలిగేది ఇంతే. రంగురంగుల చార్టు టీచరు గీస్తే టీచరుకే వస్తుంది. చేతితో చేసే పనికి ముందు, తర్వాత మాట్లాడకపోతే చేతులకు మరకలే మిగులుతాయి. గైడు శత్రువు కాదు, పరీక్ష ముందు రోజు భయపడే పిల్లకు అదీ ఒక ఆసరాయే. కానీ గైడు మొదట వస్తే మిగతాదేదీ రాదు. ఇంకొకటి. ఏ పిల్ల తప్పు చెప్పినా నవ్వకండి. తరగతి నవ్వినా మీరు నవ్వకండి.

ఉడికిన గుడ్డు

చివరి పోస్టింగ్ మంచిర్యాల. రిటైరయ్యే రోజు శాలువాలు, దండలు, ఫొటోలు సాయంత్రం పెట్టుకున్నారు. మధ్యాహ్నం నాకు ఎనిమిదో తరగతి పీరియడ్ ఉంది. ఈ ఒక్క రోజుకు మానేయండి మేడం అన్నారు అందరూ. వెళ్ళాను.

ఆ రోజు భోజనంలో పిల్లలకు గుడ్డు పెట్టారు. ఆలుగడ్డ కూర కూడా. క్లాసు మొదలవగానే శిరీష అనే పిల్ల లేచింది.

"మేడం, గుడ్డు ఉడకబెడితే గట్టిగైతది. ఆలుగడ్డ ఉడకబెడితే మెత్తగైతది. నీళ్ళు గవే, మంట గదే. మరి గట్లెందుకు?"

ఎంత మామూలు ప్రశ్న! ముప్పై ఏళ్ళు సైన్స్ చెప్పాను, అంతకన్నా ఎక్కువ ఏళ్ళు వంట చేశాను. ఒక్కసారీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు. "నాకు సరిగ్గా తెల్వదు శిరీషా. రేపు చెప్త" అన్నాను అలవాటుగా.

పిల్లలంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "రేపు మీరు రారు గద మేడం" అంది శిరీష.

సాయంత్రం సన్మానం బాగానే జరిగింది. నా గురించి ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు. మనసంతా గుడ్డు మీదే ఉంది. ఇంటికి పోయి పుస్తకాలు తిరగేశాను, జీవరసాయనం చెప్పే ఒక పాత స్నేహితురాలికి ఫోన్ చేశాను.

మరునాడు పొద్దున ఒక ఉడికిన గుడ్డు, ఒక ఉడికిన ఆలుగడ్డ టిఫిన్ బాక్సులో పెట్టుకుని స్కూలుకు వెళ్ళాను. అటెండరు మల్లయ్య గేటు దగ్గర పరేషానయ్యాడు.

"ఏంది మేడం, ఏమన్న మర్చిపోయిండ్రా?"

"ఔ మల్లయ్యా. ఒక జవాబు."

ఎనిమిదో తరగతికి వచ్చిన కొత్త టీచరు పది నిమిషాలు నాకిచ్చింది. గుడ్డులో ఉండేవి ప్రొటీన్లు, దారపు ఉండల్లా ముడుచుకుని నీళ్ళలో తేలుతుంటాయని, వేడికి విడిపోయి ఒకదానికొకటి చిక్కుపడి గట్టిపడతాయని చెప్పాను. ఆలుగడ్డలో చిన్నచిన్న గదుల్ని అంటించి ఉంచే బంక లాంటిది వేడినీళ్ళలో వదులైపోతుందని, అందుకే మెత్తబడుతుందని చెప్పాను. రెంటినీ కోసి చూపించాను. పిల్లలు తలలూపారు. నా బాకీ తీరిందనుకుని టిఫిన్ బాక్సు మూస్తున్నాను.

"మేడం" అని మళ్ళీ లేచింది శిరీష. "మరి ఉడికిన గుడ్డును చల్లటి నీళ్ళల్ల నానబెడితే ఆ చిక్కులు ఇప్పుకొని మళ్ళ పచ్చిగైతదా?"

నేను కొత్త టీచరు వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"గిది మీరే చేసి చూడుండ్రి. నాకు ఫోన్ చెయ్యుండ్రి" అని బయటపడ్డాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త టీచరు నంబరు. అవతల మాత్రం శిరీష, వెనక తరగతి మొత్తం గోల.

"మేడం, రెండు దినాలు నానబెట్టినం. పచ్చిగ కాలే. కని వాసన మస్తు వచ్చింది. క్లాసంత బయటికి ఉరికింది. హెడ్మాస్టర్ సార్ గూడ వచ్చిండు."

"తిట్టిండా?"

"జర తిట్టిండు. కని ఫికర్ లేదు మేడం. ఇంకో గుడ్డు ఉప్పునీళ్ళల్ల పెట్టినం. రేపు చూస్తం."